పరిశీలనలో ఉన్న గొంతు

"పసుపునీళ్ళు ఆ పెట్టెలోకి దిగితే షాక్ కొడుతుందేమో నూకరాజూ! నీకు పుణ్యముంటుంది, దాని జోలికి మాత్రం వెళ్ళకు నాయనా," అంది భూలక్ష్మి, గది గుమ్మం దాటకుండానే.

అప్పటికి ఎవరికీ ఏమీ కాలేదు. కాకినాడలో ఆ గొంతు పరిశోధనశాల ఆయుధపూజకి ముస్తాబవుతోంది, అంతే. అటెండరు నూకరాజు పొద్దుటి నుంచీ బల్లలు తుడిచి, కంప్యూటర్లకీ, సూక్ష్మదర్శినులకీ, ఆఖరికి టీ కాచే కెటిల్‌కి కూడా కుంకుమ బొట్లు పెట్టాడు. ఇప్పుడు మూలనున్న ఇనప అరల దగ్గరికి వచ్చాడు. ఆ అరల్లో వరసగా కన్నాలున్న నల్లటి పెట్టె ఒకటి ఉంది. దాన్ని స్విచ్ అంటారు. గోడ మీద నొక్కే స్విచ్ కాదు. ఊళ్ళోంచీ పక్క గదుల్లోంచీ వచ్చే తీగలన్నీ దాని కన్నాల్లోకే దూరతాయి. ఎవరి కబురు ఎవరికి చేరాలో అదే చూస్తుంది.

"నీళ్ళెక్కడియండమ్మగోరూ! గందం గట్టిగా తీసేను. ఏడాదంతా మనకి సాకిరీ సేసే యంత్రాలండి ఇయ్యి. ఒక్కరోజు ఆపి, ఒళ్ళు తుడిసి, బొట్టెట్టకపోతే ఆటికి కోపం రాదేటండి?"

"వస్తే నీ మీదకి రానియ్యి. మా పిల్ల మీదకి రానివ్వకు."

పక్కనే నిలబడ్డ ఇందుజ నవ్వింది. ఆ నవ్వు నోట్లోంచి రాలేదు, మెడలో లాకెట్‌లా వేలాడే చిన్న స్పీకరులోంచి వచ్చింది. "మా అమ్మ భయపడని వస్తువు ఒక్కటి చూపించండి నూకరాజుగారూ, దానికి రెండు బొట్లు పెడదాం."

ఇందుజకి చిన్నప్పుడే గొంతులో గడ్డ లేచింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు, తీసేశారు. అది మొదలు పిల్ల తరఫున తల్లే మాట్లాడింది. బళ్ళో, బస్సులో, చుట్టాలిళ్ళలో, ఎవరు ఏమడిగినా "మా అమ్మాయికండీ..." అంటూ భూలక్ష్మే అందుకునేది. పిల్ల ఇంటర్‌లోకి వచ్చాక డాక్టర్ అనసూయ మాటపట్టీ కనిపెట్టింది. ఉల్లిపొరలాంటి పట్టీ అది. మెడకి అంటిస్తే, మాట్లాడాలనుకున్నప్పుడు లోపల కండరాలు ఎలా కదులుతాయో పట్టుకుంటుంది. ఆ కదలికలు, పిల్ల ఊళ్ళో ఎక్కడున్నా, సెల్‌ఫోన్ కబురులా గాలిలో ఇంట్లో పెట్టిన ఒక పెట్టెకీ, అక్కణ్ణుంచి తీగ మీద పరిశోధనశాలలోని పెద్ద యంత్రానికీ పోతాయి. యంత్రం వాటిని మాటలు చేసి వెనక్కి పంపుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది.

కాని ఆ రెప్పపాటు కుదరడానికి ఏడాది పట్టింది. యంత్రం ఇందుజ గొంతుని నేర్చుకుంది, ఇందుజ గొంతు యంత్రాన్ని నేర్చుకుంది. "ఇద్దరూ రోజూ మాట్లాడుకుంటూనే ఉండాలమ్మా. వారం పదిరోజులు ఎడం వచ్చిందంటే కండరాలు మళ్ళీ పాత బద్ధకంలోకి జారిపోతాయి. తిరిగి మొదలుపెట్టినా ఇంత బాగా వస్తుందని నేను చెప్పలేను," అని డాక్టరు మొదటిరోజే చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచీ భూలక్ష్మి కరెంటు పోతే భయపడింది, తుపానొస్తే భయపడింది, రోడ్డు తవ్వడానికి ఎవరు పలుగు ఎత్తినా వీధిలోకి పరుగెత్తి తీగ ఎక్కడుందో చూపించింది.

పూజ బాగా జరిగింది. నూకరాజు నిజంగానే నీటిచుక్క తగలనివ్వలేదు. స్విచ్ ఆపి, తీగలన్నీ ఊడబీకి, ఒక్కొక్కదాన్నీ పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ గుచ్చాడు. అంతకుముందు రంగురంగుల తీగలు చిక్కుపడిన జుట్టులా ఉండేవి. అమ్మవారి ముందు అలా ఉంటే బాగుండదని పసుపువన్నీ ఒక వరస, నీలంవన్నీ ఒక వరస, ఎర్రవన్నీ ఒక వరసగా పెట్టాడు. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. నెట్‌వర్క్ చూసుకునే ఫణీంద్ర దాని ముందు నిలబడి సెల్ఫీ కూడా తీసుకున్నాడు. సెనగలు పంచారు, యంత్రాలకి సెలవిచ్చి అందరూ ఇళ్ళకి పోయారు.

మర్నాడు పొద్దున్న వంటింట్లోకి వచ్చి ఇందుజ కాఫీ అడగబోయింది. పెదవులు కదిలాయి. స్పీకరులోంచి ఎవరో పరాయి ఆడమనిషి, రైల్వేస్టేషన్లో ప్రకటన చదివినట్టు, తియ్యగా అంది:

"మీ పరికరం పరిశీలనలో ఉంది. దయచేసి వేచి ఉండండి."

భూలక్ష్మి చేతిలో పాలగిన్నె కిందపడింది. "ఎవరే అది? ఎవరది మాట్లాడింది?"

ఇందుజ కంగారుగా మెడ తడుముకుంది. ఏదో అంది.

"మీ పరికరం పరిశీలనలో ఉంది. దయచేసి వేచి ఉండండి."

సగం గడ్డం గీసుకున్న వీరభద్రం సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా, ఏమైందమ్మా?" అని కూతురి భుజాలు పట్టుకున్నాడు. పిల్ల "నాన్నా" అన్నట్టు పెదవులు చూస్తే తెలుస్తూనే ఉంది. వినిపించింది మాత్రం ఆ పరాయి గొంతే. ఏడుపు పొంగుకొచ్చి పిల్ల వెక్కుతోంటే, ఒక్కో వెక్కుకీ ఆ తియ్యటి వాక్యం మొదలై, పూర్తికాకుండానే తెగి, మళ్ళీ మొదటికి వచ్చింది. "మీ పరికరం... మీ పరికరం... మీ పరికరం..." వీరభద్రం ఇక చూడలేక స్పీకరుని అరచేత్తో మూసేశాడు.

తల్లీ కూతుళ్ళు ఆటో కట్టించుకుని పరిశోధనశాలకి వెళ్ళేసరికి ఫణీంద్ర అప్పటికే తెర ముందు కూర్చుని ఉన్నాడు. మంచివాడే. కుర్చీలు వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

"స్విచ్ తప్పేం లేదండీ. దాని పని అది చేసింది. ఏ తీగ గుచ్చినా ముందు నువ్వెవరని అడుగుతుంది. మా కంప్యూటర్లన్నిటికీ లోపల ఒక రహస్య గుర్తింపు ఉంటుంది. అవి జవాబు చెప్పి వెళ్ళిపోయాయి. మీ అమ్మాయి పెట్టె పాతది, డాక్టరుగారి వాళ్ళు చేత్తో అతికించుకున్నది. దానికి జవాబు చెప్పడం రాదు."

"రాకపోతే ఇన్నాళ్ళూ ఎలా రానిచ్చిందండి?"

"ఈ నంబరు పెట్టె ఈ కన్నంలోకే వస్తుందని దానికి మేం చెప్పి ఉంచాం. అందుకని అడక్కుండా వదిలేసేది. నిన్న మనవాడు కన్నాలు మార్చేశాడు."

"అయితే తీసి మళ్ళీ పాత కన్నంలో గుచ్చండి బాబూ. అంతేగా!"

"గుచ్చానండీ. ఒప్పుకోవట్లేదు." ఫణీంద్ర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒకచోట ఉండాల్సిన నంబరు ఇంకోచోట కనపడింది కదా. ఎవరో మీ పెట్టె వేషం వేసుకొచ్చారని దానికి అనుమానం. అనుమానం వచ్చినవాటిని విడిగా ఒక గదిలో పెట్టినట్టు పెడుతుంది. అక్కణ్ణుంచి ఒక్క పేజీకి తప్ప ఎక్కడికీ దారుండదు. లోపల్నుంచి ఏం పంపినా ఆ పేజీయే జవాబు చెబుతుంది. మీ స్పీకరు ఆ జవాబునే చదివేస్తోంది."

"మా పిల్ల అమ్మా అని పిలిస్తే నాకు ఆ పేజీ జవాబు చెబుతుందా?"

ఇందుజ నోరు బిగించి కూర్చుంది. కదిలితే ఎక్కడ ఆ ఆడమనిషి మాట్లాడుతుందోనని పిల్ల గుటక కూడా నెమ్మదిగా మింగుతోంది.

"మరి విడిపించేదెవరండి?"

"బాధ్యతగల అధికారి ఎవరైనా హామీ ఇవ్వాలండీ. ఈ పరికరం నాకు తెలుసు, దీనివల్ల ఏం జరిగినా నాదే పూచీ అని. వెంటనే వదిలేస్తుంది."

"ఇచ్చెయ్యండి మరి!"

"నేనాండీ?" అతను కుర్చీలో వెనక్కి జరిగాడు. "పోయినేడాది మా ఇంకో కేంద్రంలో ఒకాయన ఎవరో బహుమతిచ్చిన గోడగడియారానికి హామీ ఇచ్చాడండీ. అందులోంచి దొంగలు దూరి రోగుల వివరాలన్నీ పట్టుకుపోయారు. ఆయన ఉద్యోగం పోయింది. ఇప్పుడు హైదరాబాదు ఆఫీసు వాళ్ళు చెబితేనే గాని మేం చెయ్యి పెట్టకూడదు. రాశాను. పరిశీలిస్తామన్నారు."

భూలక్ష్మికి అంతవరకూ భయమే. అప్పుడు మొదటిసారి ఒళ్ళు మండింది.

"రేషన్ షాపులో మా అత్తగారి వేలిముద్ర పడదండి. అంట్లు తోమి తోమి గీతలు అరిగిపోయాయి. మిషను ఒప్పుకోకపోతే ఆ డీలరు, అంత పీనాసి మనిషి, తలెత్తి మొహం చూస్తాడు. 'ఈవిడ మన సుబ్బాయమ్మగారే కదా' అని కంటిపాప ఫొటో తీసో, ఇంకోటి చేసో బియ్యం పోసి పంపిస్తాడు. అతను చదివింది ఎనిమిదండి. మీరింతమంది చదువుకున్నారు. మా పిల్ల మొదటిసారి మాట్లాడినరోజు దండేసి ఫొటోలు తీసుకున్నారు. మీ గుమ్మంలో ఇంతింత బొమ్మ పెట్టారు. ఆ బొమ్మ కింద కూర్చుని మా పిల్ల ఎవరో తెలీదంటారా?"

"మాకు తెలుసండీ. స్విచ్‌కి..."

"స్విచ్‌ని నేనడగలేదు బాబూ. మిమ్మల్ని అడుగుతున్నాను."

మూడు రోజులైనా హైదరాబాదు నుంచి కబురు రాలేదు. ఇంట్లో ఇందుజ పట్టీని మెడ మీంచి ఒలిచి, బొట్టుబిళ్ళ అంటించినట్టు అద్దానికి అంటించేసింది. భూలక్ష్మి జాకెట్లు కుట్టే ముందుగదిలోకి వాళ్ళ పేట జగన్నాథపురం ఆడవాళ్ళు వచ్చిపోతూనే ఉన్నారు. ఒకావిడ కొలత ఇచ్చి, "ఏమ్మా ఇందూ, పలకవేంటి? అలిగావా?" అంది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, భూలక్ష్మి నోట్లో గుండుసూదులు తీసేసి, "మా అమ్మాయికండీ..." అని మొదలెట్టింది. ఇందుజ తల్లి వైపు ఒక్క చూపు చూసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ చూపు భూలక్ష్మిని కుట్టుమిషను దగ్గర చాలాసేపు కూర్చోనివ్వలేదు.

సాయంత్రం నూకరాజు వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. మెమో ఇచ్చి పనిలోకి రావద్దన్నారట. "పాపని సూడ్డానికి మొగం సెల్లట్లేదమ్మా. అందంగా ఉంటాదనుకున్నానండి. సేతులిరిగిపోనూ!"

"ఊరుకో. చేతులు విరిగితే నీ పెళ్ళాం పిల్లలకి ఎవరు పెడతారు? నీ మీద నాకు కోపం లేదనను. తిట్టాలనే ఉంది. కాని నువ్వు తెలియక ఒక పూట చేశావు. అది తెలిసీ సరిచెయ్యకుండా రోజూ కూర్చుంటున్నవాళ్ళకి మెమో ఎవరిస్తారు?" అని అతనికి టీ ఇచ్చింది.

ఆ మర్నాడు అనసూయ ఇంటికి వచ్చింది. తీగలతో పనిలేని చేతి పరికరం ఒకటి ఇందుజ మెడకి ఆనించి, "ప అనుకో. ఇప్పుడు బ. ఇప్పుడు మ," అంది. పరికరం మీద గీతలు వచ్చాయి. ఏడాది కష్టపడి విడదీసిన మూడు గీతలూ ఇప్పుడు ఒకదాని మీద ఒకటి వాలిపోతున్నాయి. భూలక్ష్మికి గీతలు తెలియవు. డాక్టరు మొహం తెలుసు.

"ఎంత పోయిందండి?"

"అంచులు అరుగుతున్నాయి భూలక్ష్మిగారూ. ఇంకో మూడు నాలుగు రోజులైతే..."

"మీరు అధికారేగా. మీరు హామీ ఇస్తే చెల్లదా?"

"చెల్లుతుంది."

"చెల్లుతుందా! మరి?"

అనసూయ పరికరాన్ని సంచీలో పెట్టుకుంటూ, కూడబలుక్కుని చెప్పింది. "నా పరిశోధనకి అనుమతి ఈ నెలలోనే మళ్ళీ తీసుకోవాలి. అనుమానంలో పడ్డ పరికరాన్ని నా మాట మీద లోపలికి తెచ్చానంటే మొత్తం ఆపేస్తారు. ఇందుజ తరవాత ఇంకా పాతికమంది పిల్లలు వరసలో ఉన్నారు. వాళ్ళ తల్లులకి నేనేం చెప్పను?"

"వాళ్ళకి రేపు గొంతిస్తారు. ఎల్లుండి ఇంకో పండగొస్తుంది, ఇంకో నూకరాజు ఇంకో తీగ మారుస్తాడు. అప్పుడు ఆ పిల్లలకీ ఎవరూ హామీ ఇవ్వరు. ఇదేగా మీరు చెప్పబోయేది? నేను టెన్తు తప్పినదాన్నండి. నాకు ఎన్ని భయాలున్నాయో మీకు తెలుసు. కరెంటు పోతుందేమో, పిడుగు పడుతుందేమో, ఎలుక కొరుకుతుందేమో అనుకున్నాను. అన్నీ తెలిసినవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చుంటారని మాత్రం ఏ రోజూ భయపడలేదు. నా బుద్ధి తక్కువ."

అనసూయ కాఫీ తాగకుండానే లేచి వెళ్ళిపోయింది.

డాక్టరు వచ్చి వెళ్ళిన రెండోరోజు పరిశోధనశాల మీటింగు హాల్లో పెద్దతెర మీద హైదరాబాదు అధికారులు కూర్చుని ఉన్నారు. ఇక్కడ బల్ల చుట్టూ అనసూయ, ఫణీంద్ర, మరికొందరు. స్విచ్ విషయం మీదే సమావేశం. ఎలాంటి తాళాలు ఇంకా కలపాలో, పూజలప్పుడు గదికి ఎవరు తాళం వెయ్యాలో మాట్లాడుకుంటున్నారు. గుమ్మం దగ్గర ఎవరో వద్దంటున్నా వినకుండా భూలక్ష్మి లోపలికి వచ్చేసింది. వెనకే ఇందుజ, అరచేతిలో పట్టీ పెట్టుకుని.

"అమ్మా, మీటింగ్ జరుగుతోంది. బయట వేచి ఉండండి," అంది తెర మీద ఒక గొంతు.

"వేచి ఉన్నామండి. మా పిల్ల మెడలోంచే చెప్పించారుగా, దయచేసి వేచి ఉండండని! పొద్దున్న లేస్తే అదే, అన్నానికి పిలిస్తే అదే. పిల్ల ఏడిస్తే కూడా అదే చెప్పారు. ఏ తల్లి పిల్లచేతైనా ఇలా పలికించండి చూద్దాం, ఊరుకుంటుందేమో."

"భద్రత అందరికోసమూనమ్మా. తెలియని పరికరాన్ని..."

"తెలియని అనకండి!" భూలక్ష్మి బల్ల మీద చెయ్యి వేసింది. అలా వెయ్యడం జన్మలో అదే మొదటిసారి. "దొంగల్ని ఆపండి, నేను కాదన్నానా? మా ఇంటికీ గడియ ఉంది. తలుపు కొట్టింది ఎవరో తెలియకపోతే తియ్యను. కాని కిటికీలోంచి నా కూతురు మొహం కనపడుతుంటే, గడియ ఒప్పుకోవట్లేదు తల్లీ, వీధిలోనే ఉండు అంటానా? మీకందరికీ ఒక కిటికీ ఉంది. తెరిచి చూడ్డానికి భయం. ఇక మాటలొద్దండి. ఈ గదిలో ఉన్నవాళ్ళలో ఈ పిల్లని ఎరుగుదుమని చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, లేరా? లేరంటే చెప్పెయ్యండి, తీసుకుపోతాను."

తెర మీద వాళ్ళు కాగితాలు సర్దుకున్నారు. ఫణీంద్ర పెన్ను మూత తీసి పెట్టాడు. అనసూయ కుర్చీలోంచి లేచింది.

"నేనెరుగుదును. హామీ నాది. ఫణీంద్రా, హామీ కింద నా పేరు ఎక్కించు."

"మేడమ్, మీ ప్రాజెక్టు..."

"నాకు తెలుసు ఏం పోతుందో. ముందు ఇది చెయ్యి."

"డాక్టర్, ఇది చాలా తీవ్రమైన..." అని తెర మీద ఎవరో అంటూనే ఉన్నారు. ఫణీంద్ర వేళ్ళు మీటల మీద నడిచాయి. పక్కగదిలో స్విచ్ మీద ఒక చిన్నదీపం పసుపులోంచి ఆకుపచ్చకి మారింది. అది అక్కడెవరూ చూడలేదు. అందరూ ఇందుజనే చూస్తున్నారు.

అనసూయ స్వయంగా పట్టీని పిల్ల మెడకి అంటించి, అంచులు వేలితో నొక్కింది. "తొందరేం లేదమ్మా. నీకు ఎప్పుడనిపిస్తే అప్పుడు."

ఇందుజ పెదవులు విప్పింది. ఏమీ రాలేదు. ఆ పరాయి గొంతూ రాలేదు, పిల్ల గొంతూ రాలేదు.

"ఏమ్మా? వస్తోందా? నీళ్ళు తాగుతావా? అ అను చూద్దాం," భూలక్ష్మి కూతురి వీపు రాస్తూ ఒకటే పోరు. "ఇందూ, పలకవే! రాకపోయినా ఫర్వాలేదులే, మనింటికి పోదాం. డాక్టరమ్మా, అంతా పోయిందేమోనండి, ఆలస్యమైపోయిందండి, నేను చెప్తూనే ఉన్నాను..."

తెర మీద పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయికి కలిగిన అసౌకర్యానికి విచారిస్తున్నాం. అమ్మాయి ఏమైనా చెప్పదలచుకుందా?"

"ఏం చెబుతుందండి! మా అమ్మాయికండీ..."

ఇందుజ తల్లి మణికట్టు గట్టిగా పట్టుకుంది. భూలక్ష్మి మాట ఆగిపోయింది. పిల్ల కళ్ళు మూసుకుంది. మెడ మీద నరాలు తేలాయి, అణిగాయి, మళ్ళీ తేలాయి. అనసూయ రెండు చేతులూ బల్ల అంచు మీద బిగుసుకున్నాయి. ఎంతసేపు గడిచిందో భూలక్ష్మికి తెలియలేదు. చెమట మాత్రం చెవుల వెనకనుంచి దిగి జాకెట్టులోకి జారింది.

స్పీకరులో గరగర వినిపించింది. ఒక్కో అక్షరాన్నీ తడుముకుంటూ, అంచులు విరిగిన ఒక గొంతు బయటికి వచ్చింది. ఎంత విరిగినా ఇందుజదే.

"నువ్వు ఆగమ్మా. వీళ్ళని నేనడుగుతాను."